సున్నుండల డబ్బా

వరహాలమ్మ చెల్లెలి సంచిలో బట్టలు సర్ది, పైన సున్నుండల డబ్బా పెట్టింది. చంద్రుడి మీద పనికి మనుషుల్ని తయారుచేసే కండల కేంద్రానికి నూకరత్నం ఆ ఉదయమే బయలుదేరుతోంది. నలభై రోజుల్లో నడుం నాలుగంగుళాలు తగ్గనివాళ్లను అక్కడినుంచి ఇంటికి పంపేస్తారు.

"కొవ్వు కరగాలని వెళ్తుంటే ఇంత నెయ్యి పోసి పంపుతావేంటక్కా?"

"పథ్యం లేదన్నారుగా. రోజుకి నాలుగు తిను."

"నీ ప్రేమ చూస్తే అనుమానంగా ఉంది" అని నూకరత్నం నవ్వింది.

వరహాలమ్మ నవ్వలేదు. ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. చెల్లెలు లావుగానే తిరిగొస్తే చాలనుకుని, ఆ తర్వాత వారం వారం ఇంకో డబ్బా పంపింది.

కేంద్రంలో అందరిలాగే ఆమెకూ నిద్రలో కూడా కండ పెంచే చొక్కా తొడిగారు. నలభయ్యో రోజున ఫోన్ చేసింది.

"ఐదంగుళాలు తగ్గానక్కా. పెరిగిన కండే కొవ్వునంతా కరిగించేసిందంట. ఆ కండకి మినుములు బలమంట. నీ ఉండలు తినే నెగ్గాను."

"మంచిదేనే" అంది వరహాలమ్మ. ఆ పూట కూడా ఇద్దరికి సరిపడా బియ్యం కడిగింది.

నూకరత్నం 2084 ఆషాఢంలో కేంద్రం నుంచే చంద్రుడి మీదికి వెళ్లింది. మళ్లీ రాలేదు.