ఫిట్‌నెస్ కాగితం

“సంతకం పెట్టను మహమూద్ గారూ. మీరు స్కూలు బస్సు నడపొద్దు,” అన్నాడు డాక్టర్ జయానందం, గుండె స్కాన్ కాగితాన్ని బల్ల మీద పెట్టి.

ఎదురుగా కూర్చున్న మనిషికి ఒళ్లు మండిపోయింది. రేపు పొద్దునకల్లా ఫిట్‌నెస్ కాగితం అందకపోతే స్కూలువాళ్లు పాపన్నపేట బస్సుకు ఇంకో డ్రైవర్ను పెట్టుకుంటారు. ఆ జీతం ఆగిందంటే ఇల్లు కుదేలు.

“ఈ గుండెకేమైంది సాబ్? మొన్ననే రెండు బియ్యం బస్తాలు మోసిన. మీ మిషిన్ ఖరాబై ఉంటది. మళ్ల తియ్యుండ్రి!”

“రెండుసార్లు తీసినం గదా. గుండె గోడలు మందమైనయి. కొట్టుకునే బలం సగానికి పడిపోయింది.”

“అట్లైతే ఇన్నొద్దులు ఎట్ల నడిచింది?”

“గుండె మహా మొండిది. మామూలుగ అది ఎక్కువ కొవ్వునే కాల్చుకొని కొట్టుకుంటది. ఏండ్లకేండ్లు భారం పడితే కొవ్వు తగ్గించి, చక్కెర మీద నెట్టుకొచ్చుడు నేర్చుకుంటది. కొన్నొద్దులు నడుస్తది. కానీ ఆ శక్తి దానికి చాలదు. లోపల్లోపల అలిసిపోతది.”

“శభాష్! పెట్రోల్ దొరక్కుంటే గ్యాస్ మీద నడిచే బండిని ఎవడన్న షెడ్డుకు తోలుతడా?” ఛాతీ మీద దబదబా చరుచుకున్నాడు. “పోదాం పాండ్రి గుట్ట మీది ఖిల్లాకు. మెట్లెక్కుదం. ఎవరు ముందు కూలబడతరో చూద్దం!”

డాక్టర్ నవ్వలేదు. “ఇంట్ల ఏమన్న పరేషాన్ ఉన్నదా? చాన ఏండ్ల సంది?”

“పరేషానా? నాకా?” గొంతు పెంచాడు. “మా అబ్బాజాన్ పోయి పదిహేనేండ్లాయె. ఎవరికి జరమొచ్చినా, ఎవరి పెండ్లైనా ఉరికింది నేనే. ఒక్కనాడన్న అలిసిన అనలే. మా గల్లీల ఎవర్నన్న అడుగుండ్రి, ఆ ఇంట్ల గట్టి గుండె ఎవరిదంటే నన్నే చూపెడతరు!”

డాక్టర్ పెన్ను తీసి, మహమూద్ అన్న పేరు కింద ‘అన్‌ఫిట్’ అని రాయబోయాడు.

ఆ మనిషి ఒక్క ఉదుటున లేచి కాగితం లాక్కున్నాడు. కోపం తగ్గలేదు గానీ, భయం దాచుకోవడం మాత్రం అతని వల్ల కాలేదు.

“ఆ పేరు మీద రాయకుండ్రి సాబ్! మహమూద్ మా అన్న. తన గుండె కమ్జోరని, నా గుండె మంచిగున్నదని, ఆయన బదులు నన్ను పంపిండు.”