రంగనాథం బాదం మిషన్

“ఈ పొద్దు ఇది పనిచేస్తే ఇంట్లో ఉంటుంది. లేకుంటే తంగరాజ్ బండెక్కుతుంది. అంతే!” అంది కోకిల, చీరకొంగు నడుముకు చెక్కుకుంటూ.

గేటు దగ్గర పాత ఇనుము కొనే తంగరాజ్ మూడు చక్రాల బండి ఆపుకుని, కాటా చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. రంగనాథం ప్రాణం గిలగిల్లాడింది. వాషర్‌మెన్‌పేటలో బాదంపప్పు హోల్‌సేల్ వ్యాపారి ఆయన. కాయలు రాల్చే ఈ మిషన్ మొన్ననే దిగింది. ఇంకా పెయింటు వాసనైనా పోలేదు పాపం!

“నీకు తెలీదు కోకిలా. ఆడ ఫారిన్ తోటల్లో చెట్టెక్కే మనిషే లేడు. కొమ్మకు ఈ కొక్కెం తగిలిస్తే చాలు, బాదంకాయలు జలజలా రాలతాయి. రెండో మిషన్‌లో పోస్తే తొక్క ఊడొస్తుంది. సౌత్ మొత్తానికి ఏజెన్సీ మనదే!”

“సౌత్ మొత్తంలో బాదం తోట ఏడుండాదో చెప్పండి.”

రంగనాథానికి కొనేటప్పుడు ఆ సంగతి గుర్తు రాలేదు.

“అదీ నా ఖర్మ! దినామూ రాత్రి నానేసి, పొద్దున్నే గోళ్ళు నొప్పి పుట్టేట్టు తొక్క దీసి, గిన్నెలో పోసి బాల్కనీలోకి తెచ్చిస్తా ఉండా, జ్ఞాపకశక్తికి మంచిదని. కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెస్తారు. మన పెళ్ళిరోజు నాడు మా తమ్ముడికి ఫోన్ చేసి హ్యాపీ బర్త్‌డే చెప్తారు. తిన్న బాదమంతా ఏ గంగలో కలుస్తా ఉండాదో!”

“అమ్మా, కాటా పెట్టేదా?” అన్నాడు తంగరాజ్.

“ఉండు తంగరాజ్. సారు ఏమో చూపిస్తారంట.”

రంగనాథం దిక్కులు చూశాడు. కాంపౌండులో, మేడ బాల్కనీని ఆనుకుని ఉన్న చెట్టు కంటబడింది. ఆ చెట్టు మీది ఉడతలంత లావు ఉడతలు పేట మొత్తంలో లేవు. ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకు దూకాలన్నా ఆయాసపడేవి.

“బాదం చెట్టు లేదన్నావే, ఇదేంది మరి?”

“అది నాటు బాదం.”

“నాటుదో నీటుదో, బాదం బాదమే!”

కొక్కెం తగిలించబోతూ ఒక్క క్షణం ఆగాడు. ఈ చెట్టు జోలికి పోకూడదని మనసులో ఏదో మూల పీకింది. ఎందుకో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఎదురుగా పెళ్ళాం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే ఏ మగాడికి మాత్రం ఏం తడుతుంది? ఇంజను తాడు లాగాడు.

వీధి వీధంతా దద్దరిల్లింది. ఎండాకులు రాలాయి. చిరిగిన గాలిపటం ఒకటి రాలింది. కాయ మాత్రం ఒక్కటీ రాలలేదు.

“ఇదంతా ఊడ్చేది ఎవరంట?” అంది కోకిల.

తంగరాజ్ కాటా సవరించుకున్నాడు. రంగనాథానికి కళ్ళనీళ్ళొక్కటే తక్కువ. కొక్కెం తీసి, బాల్కనీ పక్క కొమ్మకు తగిలించి, దేవుడి మీద భారం వేసి ఇంజను ఫుల్లుగా తిప్పాడు.

ఫట్టుమని కొమ్మ విరిగింది. జలజలా, జలజలా వాన!

నాటు కాయలు కాదు. అసలు సిసలైన బాదంపప్పులు. అదీ తొక్క వలిచినవి!

“అయ్యయ్యో, మురుగా!” తంగరాజ్ కాటా కింద పెట్టి చెట్టుకు దణ్ణం పెట్టాడు.

రంగనాథం గంతులేశాడు. “చూసినావా కోకిలా! రాల్చేదీ, తొక్క దీసేదీ, రెండూ ఒక్క దెబ్బకే!”

“సారే, తొక్క దీసే మిషన్ ఇంకా పెట్టెలోనే ఉండాది గదా?” అన్నాడు తంగరాజ్.

కోకిల వంగి గుప్పెడు పప్పులు ఏరింది. కొన్ని వడిలి నల్లబడ్డాయి. కొన్నిటికి ఉడత పంటి గాట్లున్నాయి. ఒకటి మాత్రం తెల్లగా ఉంది. వేళ్ళతో నొక్కి చూసింది. ఇంకా తడిగా ఉంది.

తలెత్తి విరిగిన కొమ్మలో తొర్రను చూసింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న బాల్కనీని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

“తంగరాజ్, మిషన్ ఈడనే ఉంటుంది. బంగారంలా పనిచేస్తా ఉండాది. నువ్వు మాత్రం బండి తీసకపోబాక, పనుండాది,” అంది చాలా మెత్తగా.

పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క బాదంపప్పూ మింగకపోయినా, రంగనాథానికి ఆ క్షణంలో అన్నీ టకటకా జ్ఞాపకం వచ్చేశాయి.