మెట్ల పక్క గది

మార్చి తొమ్మిది. ఆ తేదీని ఆ ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ రోజు అందరూ తిన్నది బొగ్గులా మాడిన ఆమ్లెట్.

పుట్టుకతోనే ఏదైనా నేర్చుకోవడంలో ఇబ్బంది ఉండి, ఇప్పుడు పెద్దవాళ్ళయినవాళ్ళు, ఎవరి గది తాళంచెవి వాళ్ళ జేబులో వేసుకుని, కావలసినంత సాయం మాత్రం తీసుకుంటూ బతికే ఇల్లది. కింద మెట్ల పక్క గది ఖాళీ అయిందని తెలిసి అక్క తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. తమ్ముడికి నలభై దాటాయి. అయినా గేటు దగ్గర ఆపి కాలరు సరిచేసింది.

"గోళ్ళు చూపించు."

"తీసుకున్నానక్కా."

"అడిగినదానికే జవాబు చెప్పు. సోది మొదలెట్టకు. ఇదీ పోతే మళ్ళీ మా హాల్లో సోఫాయే గతి. మీ బావ అసలే ఆ సోఫా వంక దిగులుగా చూస్తున్నాడు."

అతను బుద్ధిగా తలూపాడు. ఇప్పటికి రెండిళ్ళు చూశాడు. రెండుచోట్లా ఒకటే మాట: మనిషి మంచివాడే, మరీ నెమ్మది. మెట్ల పక్క గది కిటికీ దగ్గర మందార మొక్క కనిపించింది. ఇది దక్కితే ఇంకేమీ అడగను అనుకున్నాడు.

హాల్లో ఆ ఇంట్లో ఉండేవాళ్ళ కమిటీ సిద్ధంగా ఉంది. పెద్ద కుర్చీలో ఆ ఇంట్లో అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ, గొలుసుకు వేలాడే కళ్ళజోడుతో. పక్కన టై కట్టుకున్న పెద్దమనిషి. టై నిండా బాతులు. మూలన స్టూలు మీద ఆ ఇంటి లెక్కలు చూసే ఆఫీసావిడ కూర్చుంది. ఆమెకు ఓటు లేదట.

"గురక పెడతారా?" టై ఆయన సూటిగా అడిగాడు.

"పెడతాడండీ, రైలింజనే!" అంది అక్క.

పెద్దక్క కళ్ళజోడు పెట్టుకుని అక్కని తేరిపార చూసింది. "ఆయన్ని అడిగితే ఆయన్నే చెప్పనివ్వండమ్మా. ఆయనకీ నోరుంది."

అక్క నోరు ఠక్కున మూతపడింది. బావ చూడాల్సిన దృశ్యం.

"కోపమొస్తే ఏం చేస్తారు?"

"మొక్కలకి నీళ్ళు పోస్తానండీ."

"వానొస్తే?"

"గొడుగేసుకుని పోస్తాను."

టై ఆయన మెచ్చుకోలుగా ఓ బాతుని నిమిరాడు.

"సరే, ఇక వంట. ఏదో ఒకటి చేసి పెట్టండి," అంది పెద్దక్క.

గుడ్లు కొట్టి పెనం మీద పోశాడో లేదో, ఆవిడ మళ్ళీ పిలిచింది. "పైకెళ్ళి మా రేడియోని తీసుకురండి. అతను లేనిదే ఓటు వెయ్యం."

రేడియో అంటే మూడో సభ్యుడు. పై గదిలోంచి శ్రుతీ లయా లేని పాట వినిపిస్తోంది. తలుపు ఓరగా తెరిచే ఉంది. అతను తట్టాడు. పాట ఆగలేదు. మళ్ళీ తట్టాడు. చెవుల్లో ఏదో పెట్టుకున్నట్టున్నాడు.

"తోసుకుని వెళ్ళరా!" కిందినుంచి అక్క.

"లోపల మనిషున్నాడక్కా. రమ్మనలేదు."

"ఆమ్లెట్ మాడుతోందిరా!"

"రమ్మనలేదక్కా!"

అక్క పొయ్యి వైపు పరుగెత్తబోయింది. పెద్దక్క చెయ్యి అడ్డంపెట్టింది. "మీరు కూర్చోండి. పరీక్ష మీది కాదు."

పొగ ఒక్కో మెట్టే ఎక్కి పైకి వచ్చింది. చివరికి పాట ఆగింది. తలుపు సందులోంచి ఓ ముక్కు బయటికొచ్చి వాసన చూసింది.

"ఎంతసేపయింది మీరొచ్చి?" అన్నాడు రేడియో.

"ఇప్పుడేనండీ," అన్నాడతను, కళ్ళు తుడుచుకుంటూ.

అయిపోయింది. సోఫాయే గతి. పెనంలోని నల్లటి వస్తువుని తలవంచుకుని ముక్కలు చేసి అందరికీ పెట్టాడు. ఆఫీసావిడ ఆకలి లేదంది. టై ఆయన మాత్రం కసకసా నమిలాడు. "కరకరలాడుతోంది. మధ్యలో కాస్త పసుపు కూడా కనబడుతోంది."

పెద్దక్క మంచినీళ్ళు తాగి గొంతు సవరించుకుంది.

"మీకంటే ముందొచ్చినవాళ్ళు దూదిలాంటి ఆమ్లెట్లు పెట్టారు."

అతను నేల చూపులు చూశాడు.

"కానీ ఒక్కరూ తలుపు దగ్గర ఆగలేదు. రేడియోని పిలవమంటే తోసుకుని వెళ్ళిపోయారు. పాపం, ఓసారి మనవాడు తువ్వాలు కోసం వెతుక్కుంటున్నాడు."

"తువ్వాలు మంచం కింద ఉంది," అన్నాడు రేడియో చిన్నబుచ్చుకుని. అని, చెయ్యెత్తాడు. టై ఆయన రెండు చేతులూ ఎత్తాడు. ఒకటి దించమంది పెద్దక్క. తన చెయ్యి కూడా ఎత్తింది.

అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. పొగ వల్లనే అంది.

ఆ వారంలోనే అతను పెట్టె తెచ్చుకుని మెట్ల పక్క గదిలో దించాడు. సోఫా బావకు దక్కింది.

మొదటి రాత్రి, పెద్దక్కకు మాత్ర గుర్తుచేసి, టై ఆయనకు రేపటి బస్సు వేళ ఇంకోసారి చెప్పి, రేడియో తలుపు తట్టి, అతను "రండి" అన్నాకే లోపలికెళ్ళి దీపం ఆర్పి, ఆ ముగ్గురూ తమకు సాయంగా ఏరికోరి జీతానికి పెట్టుకున్న కొత్త మనిషి వీధి తలుపు చప్పుడు కాకుండా మూశాడు.