పేషెన్స్ ఎవరి కూతురు

"ఈ పేషెన్స్‌ని ఎవరి కింద పెట్టాలో నువ్వే చెప్పవే," అంటూ తారాదేవి లాప్‌టాప్‌ను అక్షర వైపు తిప్పింది.

బెడోక్ హాకర్ సెంటర్‌లో తిండి కొట్లన్నీ ఆదివారం ఉదయపు సందడిలో ఉన్నాయి. టిష్యూ పాకెట్ పెట్టి బల్లను 'చోప్' చేసి పట్టుకుంది అక్షరే. సింగపూర్ వచ్చి మూడు నెలలైనా, ఖాళీ బల్ల మీద టిష్యూ పాకెట్ పడేస్తే అది మనదైపోవడం ఆమెకింకా ముద్దుగానే ఉంది. అవతల కొబ్బరి జామ్ రాసిచ్చే కాయా టోస్టు క్యూలో నిలబడ్డ కొత్త మొగుడు గోపీకృష్ణ ఇటు చూసినప్పుడల్లా చెయ్యి ఊపుతోంది.

పెళ్ళయిన నెలకే ఆమె తల్లి కాత్యాయని పోయింది. ఈ ఊళ్ళో పుట్టింటి మనిషంటూ ఉన్నది పిన్ని తారాదేవి ఒక్కతే. నిజానికి పిన్నితో చనువు ఈ మూడు నెలల్లో ఏర్పడిందే. చిన్నప్పుడు ఆమె గుంటూరు వచ్చింది నాలుగైదు సార్లు. వచ్చినా రెండు రోజులకు మించి ఉండేది కాదు, ఎత్తుకునేది అసలే కాదు. ఇద్దరు మగపిల్లలతో విసిగిపోయి ఉంటుందిలే, దానికి పిల్లలంటే పడదు అని కాత్యాయని సర్దిచెప్పేది.

రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పనిచేసి రిటైరైన తారాదేవికి, అక్కడి పాత మేనేజరు విట్లాక్ ఒక పని అప్పగించాడు. ఆ అమెరికన్ ముసలాయన పూర్వీకుడు ఎబనేజర్ దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు వదిలి మసాచుసెట్స్‌లో దిగిన ప్యూరిటన్, కఠిన నిష్ఠ గల క్రైస్తవుడు. అతని దగ్గర్నుంచి ఇప్పటిదాకా వంశవృక్షం గీసివ్వాలి. తారాదేవి రెండేళ్ళు చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, ఉత్తరాల నకళ్ళు చదివి పన్నెండు తరాలను గళ్ళలో నింపింది. ఒక్క గడి మిగిలిపోయింది. రేపు పుస్తకం ప్రింటుకు వెళ్ళాలి. నీకెలా తోస్తే అలా చెయ్యమన్నాడు ముసలాయన.

ఆ గడి పేషెన్స్‌ది. ఎబనేజర్, ప్రూడెన్స్‌లకు ఐదో సంతానం. ఎబనేజర్ అన్నావదినలకు పిల్లల్లేరు. పిల్లల్ని వేరే ఇళ్ళకు పెంపకానికి పంపడం ఆ ప్యూరిటన్లలో మామూలే, సొంత బిడ్డ మీద మమకారం ముదిరితే దేవుడు వెనకబడతాడని వాళ్ళ భయం. కాస్త పెద్దయ్యాక పంపేవారు. పేషెన్స్ మాత్రం పది నెలలకే పెదనాన్న ఇంటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆయన వీలునామాలో 'నా కూతురు పేషెన్స్' అని రాశాడు. ఆ పిల్లకు చివరిదాకా సంగతి తెలియదు.

కన్నతల్లి కిందే ఉండాలని తారాదేవి పట్టు. బాప్తిస్మం రిజిస్టరులో స్పష్టంగా ఉందంది.

"జ్వరమొస్తే రిజిస్టరు పక్కన కూర్చుందా పిన్నీ? పెంచింది పెద్దమ్మ హన్నా. ఆవిడ కింద పెట్టు, అయిపోయింది."

"ముందు ఇది విను," అంది తారాదేవి. ప్రూడెన్స్ ఇంగ్లండులోని చెల్లెలికి రాసిన ఉత్తరమది. తెర వైపు చూడకుండానే తెలుగులో చెప్పుకుపోయింది. "ప్రతి ఆదివారం ప్రార్థనకు వస్తుంది. హన్నా పక్కన కూర్చుంటుంది. నా చోటు రెండు వరసలు వెనక. ప్రసంగం సాగినంతసేపూ దాని టోపీ వెనకభాగం నాకు కనబడుతుంది. అదే చాలనుకుంటాను."

 అక్షర కాఫీ కప్పు చుట్టూ వేళ్ళు బిగించింది.

"పాపం," అంది. "కానీ పిన్నీ, ఆ టోపీ నాడాలు కట్టి పంపింది ఎవరు?"

 పోనీ రెండు పేర్లూ వేసి కింద చిన్న అక్షరాల్లో ఒక మాట రాస్తే ఎలా ఉంటుందని తారాదేవి అడిగింది. అడుగుతూ ఆమె అక్షర మొహంలోకే చూసింది. రెండేళ్ళ కష్టం కదా అనుకుంది అక్షర.

"వద్దు. ఆ పిల్ల ఒక తల్లిని అమ్మా అని పిలిచి, ఆవిడ పోతే ఏడ్చి ఉంటుంది. ఇప్పుడు మనం కాగితం చూపించి, నువ్వు ఏడ్చింది వేరే ఎవరికోసమో అని చెబుతామా?" కళ్ళు తుడుచుకుంది. "నాకెవరైనా అలా చెబితే జన్మలో వాళ్ళ మొహం చూడను."

తారాదేవి తలూపింది. పేషెన్స్ గడిని హన్నా కిందికి జరిపి, ఫైలు పంపేసింది.

గోపీకృష్ణ టోస్టుల ప్లేటుతో వచ్చేసరికి అక్షర మొహం మళ్ళీ వెలిగింది. వచ్చిన కొత్తలో నేర్చుకున్న సింగపూర్ 'లా'ని ప్రతి మాట చివరా తగిలిస్తోందని అతను వెక్కిరించాడు. ఆమె వినిపించుకోలేదు. మనది కూడా ఇలాగే గియ్యమని పిన్ని చెయ్యి పట్టుకుంది. ఫ్రేము కట్టించి టోవా పాయోలోని తమ ఫ్లాట్ హాల్లో తగిలిస్తుందట. గోపీ వైపు వాళ్ళ ఫోటోలతో గోడ నిండిపోయింది, తన వైపు ఎవరూ లేరట.

"కెన్ లా, పిన్నీ? గీస్తావుగా?"

తారాదేవి కొత్త పేజీ తెరిచింది. పైన తన అమ్మానాన్నలు, నాగమల్లేశ్వరి, ఈశ్వరరావు. వాళ్ళ కింద రెండు గళ్ళు, కాత్యాయని, తారాదేవి. తన గడి కింద కొడుకులిద్దరి పేర్లూ చేర్చింది. తర్వాత ఇంకో గడి తెరిచి 'అక్షర' అని రాసింది. దాన్ని ఏ గీతకూ కలపకుండా ఆగిపోయింది.

"అమ్మ కింద, పిన్నీ," అంది అక్షర, టోస్టు నములుతూ.

ఇరవై ఆరేళ్ళలో రెండోసారి, తారాదేవి తన కూతుర్ని అక్కకు ఇచ్చేసింది.