హాల్ టికెట్ రాని ఆదివారం

పరీక్ష పది గంటలకు. తొమ్మిదింటికి రామ్‌చందర్ గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. హాల్ టికెట్ రాలేదు.

సర్కారు ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగాలు. రెండు నెలలు పోతే అతనికి వయసు దాటిపోతుంది. ఇక ఏ దరఖాస్తూ చెల్లదు.

దబీర్‌పురాలో అతని గది బర్రెల కొట్టం వెనక ఉంది. అక్కడికి పోస్ట్‌మ్యాన్ రాడు. అందుకని దరఖాస్తులో అక్క ఆండాలు ఇంటి చిరునామా రాశాడు. నెల రోజులు రోజూ వెళ్లి అడిగాడు. రోజూ రాలేదన్నారు.

బావ బాబురావు వచ్చి దుప్పటి లాగాడు.

"లే బామ్మర్ది. చార్మినార్ దిక్కు పోయొద్దాం."

"మలక్‌పేట స్కూల్‌కు పోయి అడుగుత బావా. టికెట్ లేకున్నా లిస్టుల పేరుంటది గదా."

"టికెట్ లేనోన్ని గేటు దాటనియ్యరు. నలుగురిల ఇజ్జత్ తీసుకుంటవా? నడువు. పొద్దుగూకేదాక నిన్ను ఇంటికి తోల్కరావద్దన్నది మీ అక్క."

నడిచారు. మే నెల. బావకు తొందర లేదు. మక్కా మసీదు ముందు జొన్నలు కొని పావురాలకు చల్లాడు. లాడ్ బజార్‌లో గాజుల కొట్టు ముందు అరగంట బేరమాడి, ఏమీ కొనకుండా కదిలాడు.

"కొననిదానికి గంత లొల్లి ఎందుకు బావా?"

"బేరానికి పైసలడగరు గదరా."

రామ్‌చందర్ నవ్వాడు. ఆ రోజు అదే మొదటిసారి. చార్మినార్ గడియారం పన్నెండు చూపిస్తోంది. అతను తలెత్తి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"దాని దిక్కు చూడకు" అని బావ భుజం పట్టుకొని పత్తర్‌గట్టి నీడలోకి నడిపించాడు.

ఒంటిగంట దాటాక ఇరానీ హోటల్లో కూర్చున్నారు. బావ చాయ్ సాసర్లో పోసి అతని ముందుకు జరిపాడు.

"ఫికర్ చెయ్యకు. నేనున్న గదా. సైకిల్ దుకాణం పెట్టిస్త."

రామ్‌చందర్ కళ్లు తుడుచుకున్నాడు. ఏ బావ ఇంత చేస్తాడు అనుకున్నాడు.

"నా మెట్రిక్ సర్టిఫికెట్ మీ ఇంట్లనే ఉన్నది బావా. రేపొచ్చి తీస్కపోత."

"ఉండనియ్‌రా. నీ గదిల ఎలుకలు కొరుకుతయి. మా పెట్టెల భద్రంగున్నది."

అప్పుడు వైకుంఠం లోపలికి వచ్చాడు. అక్క వాళ్ల గల్లీవాడు. ఇద్దరూ ఒకే రోజు దరఖాస్తు పెట్టారు. అతనికి టికెట్ వచ్చింది. జేబులో పెన్ను, వేళ్లకు సిరా. బల్ల దగ్గర ఆగి రామ్‌చందర్‌ను చూశాడు. బాబురావును చూశాడు.

"ఏమడిగిన్రురా?" అన్నాడు రామ్‌చందర్.

వైకుంఠం కూర్చోలేదు.

"గదంత తర్వాత గని, సారు నీ పేరు పిలిస్తే మీ బావ తమ్ముడు ఎల్లప్ప లేచి 'హాజర్' అన్నడేందిరా?"