వంతెన దగ్గర వాకబు

"మావయ్య వాకబు అయిపోయిందంట కదా వదినా, ఏం తేలింది?" అంది ప్రవల్లిక, చిన్నరసం మామిడిపండు పిసుకుతూ.

కీర్తిప్రియ కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "ఉంగుటూరులో నోరున్న ప్రతివాళ్ళనీ అడిగొచ్చారు నాన్న. నోరు లేదని గేదెల్ని వదిలేశారు. అయినా వాటి మొహాలు చూసొచ్చారు."

బసవపున్నారావు వాకబంటే అలాగే ఉంటుంది. పాలకేంద్రంలో, మంగలి షాపులో, టీ కొట్లో విచారించి, ఆగిరిపల్లి తిరిగొచ్చి ఆయన తేల్చిందేమిటంటే: పెళ్ళికొడుకు సుభాష్ బుద్ధిమంతుడు. పెద్దగా మాట్లాడడు. తండ్రి లేడు, తల్లి సీతారావమ్మ ఉంది. ఆ ఇంట్లో గ్యాస్ బుక్కు దగ్గర్నుంచి గేదెల బీమా దాకా అన్నీ సుభాష్ పేరు మీదే ఉన్నాయి. ఆఖరికి సుభాష్ నంబరని ఇచ్చిన ఫోన్ కూడా వాళ్ళమ్మే ఎత్తింది.

"మరింకేంటి నీ బాధ?"

"ఇది నాలుగో సంబంధం ప్రవల్లీ. ముందు ముగ్గురూ ఏమన్నారు? పెళ్ళిచూపుల్లో సరేనని, ఇంటికెళ్ళాక మాత్రం పెళ్ళయితే ఈ కంప్యూటర్ ఆటలు మానెయ్యాలని కబురంపారు. ఒకడైతే కంప్యూటర్ని టేబుల్‌తో సహా అమ్మేసి రమ్మన్నాడు. ఈయనా అదే అంటే?"

"అడిగితే పోలా?"

"పెళ్ళిచూపుల్లో అడిగితే ఎవడైనా ఆడుకోమనే అంటాడు. అందుకే నా వాకబు నేను చేసుకున్నా."

గేమ్స్ సైట్లో వెతికితే 'సుభాష్ ఉంగుటూరు' అని ఒకే ఒక్క ఐడీ దొరికింది. పక్కన, ఆన్‌లైన్‌లో ఉన్నట్టు పచ్చచుక్క. వంతెన గేమ్‌లో ఆడింది రెండువేల గంటలు. అన్ని గంటలు ఆడేలోపు మామిడి టెంక నాటితే మొలిచి, చెట్టయి, కాపుకొచ్చి, గుత్తకి కూడా పోతుందని కీర్తిప్రియ లెక్క.

మూడు వారాల కిందట 'తోటపిల్ల' అన్న తన ఐడీ నుంచి ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపింది. ఫొటో స్థానంలో తోట కుక్క బుల్లిగాడు నల్లకళ్ళద్దాలతో ఉంటాడు, సగం తెగిన చెవితో సహా. రెండు నిమిషాల్లో ఫ్రెండ్స్ అయిపోయారు. అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నం రెండింటికి, ఏ దేశంవాళ్ళో తెలియని ఇంకో ఇద్దరితో కలిసి, రాక్షసులు దాటకుండా వంతెన కాపలా కాస్తున్నారు.

"ఇంతకీ మనిషెలాంటివాడు?"

"ఓడిపోతున్నా సరే మధ్యలో వదిలేసి పోడు. కొత్తవాళ్ళు పడిపోతే వెనక్కెళ్ళి మరీ లేపుతాడు. మొన్నొకడికి తన కవచం ఇచ్చేశాడు. నిన్నొకడు చాట్‌లో బూతు రాస్తే, 'నోరు కడుక్కో నాయనా' అని రాశాడు. వాడు సారీ చెప్పాడు!"

"గేమ్‌లో బూతు రాసినవాడు సారీ చెప్పాడా?" ప్రవల్లిక చేతిలోంచి టెంక జారింది.

"నా కళ్ళతో చూశా. రోజూ 'అన్నం తిన్నావా' అని అడుగుతాడు."

"గొంతెలా ఉంటుంది?"

"మైకు ఆన్ చెయ్యడు. అంతా టైపింగే. మాట తక్కువన్నారుగా. నాలుగున్నర కాగానే మాత్రం 'పొయ్యి మీద పాలున్నాయి, వస్తా' అని వెళ్ళిపోతాడు. పాలు కాచే మగాడే ప్రవల్లీ! మన వంశంలో చూశామా?"

ప్రవల్లిక ఏడు తరాలు వెనక్కి వెళ్ళొచ్చి, లేదని తలూపింది.

ఆదివారం పెళ్ళిచూపులు. పొద్దున్నే కీర్తిప్రియ చాట్‌లో రాసింది. 'ఇవాళ ఆటకి రాను. చుట్టాలొస్తున్నారు.'

'నేనూ రాను. ఊరెళ్ళే పనుంది,' అని వచ్చింది జవాబు.

ఆమె తనలో తనే నవ్వుకుంది.

మధ్యాహ్నం కారు దిగగానే సీతారావమ్మ గేటు దగ్గర ఆగిపోయింది. బుల్లిగాడి తెగిన చెవి వంక చాలాసేపు చూసింది. "కరవదమ్మా, రండి," అన్నాడు బసవపున్నారావు. ఆవిడ నవ్వి లోపలికొచ్చింది.

సుభాష్ పరీక్ష హాల్లో కూర్చున్నవాడిలా కాఫీ తాగాడు. ఇద్దర్నీ మాట్లాడుకోమని తోటలో పాకలోకి పంపారు. కోసిన కాయల క్రేట్ల మధ్య నిలబడి కీర్తిప్రియ సూటిగా అడిగేసింది.

"నేను కంప్యూటర్లో గేమ్స్ ఆడతానండీ. రోజూ రెండున్నర గంటలు."

"మా ఇంట్లోనూ అలవాటేనండీ," అన్నాడు సుభాష్. "అందుకే పొలం గట్ల మీంచి ఇంటికి నెట్ కేబుల్ లాగించా. గేదెలు తొక్కి తెంపినప్పుడల్లా నేనే అతుకుతా."

"ఆట మధ్యలో ఎవరైనా ఆపమంటే?"

"అలా ఎలా ఆపుతామండీ? అవతల ముగ్గురు ఎదురుచూస్తుంటారు కదా."

కీర్తిప్రియ బాగా ముగ్గిన రసంలా మెత్తబడిపోయింది. అయినా ఓరకంట చూస్తూ, "మరి పాల సంగతి?" అంది.

"పాలా?" అతను కంగారుపడ్డాడు. "రోజుకి నలభై లీటర్లిస్తాయండీ."

ఎంత బాగా నటిస్తున్నాడు! ఆమె నవ్వాపుకుని ఇంట్లోకెళ్ళి, "నాకిష్టమే నాన్నా," అంది. బసవపున్నారావు ఆనందం పట్టలేక గేదెల ఆరోగ్యం కూడా అడిగాడు.

పూలు పెట్టి వెళ్తామంది సీతారావమ్మ. కీర్తిప్రియ తల వంచింది. ఆవిడ మల్లెదండ జడలో తురిమి, బొట్టు పెట్టి, బుగ్గ పుణికి, ఎవరికీ వినబడకుండా చెవి దగ్గరికి వంగింది.

"రేపు రెండింటికి వంతెన దగ్గరుంటాను, తోటపిల్లా."