అమెరికా అంబలి

వరుసలో ఆఖరున నిలబడ్డ మనిషిని చూడగానే ప్రేమమ్మకు ఒళ్లు మండింది.

తలకు రుమాలు, చేతికి వెండి కడియం. చూస్తే పొలం పుట్రా ఉన్న రైతులాగే ఉన్నాడు. చేతిలో మాత్రం సత్తు గిన్నె.

అది బీదర్‌లో గాంధీ గంజ్ ధాన్యం బజారు వెనక ఉన్న చర్చి ఆవరణ. అప్పటికింకా కర్ణాటక అనే పేరు రాలేదు, మైసూరు రాష్ట్రమే. వానలు మొహం చాటేసి రెండేళ్లయింది. గంజ్‌లో హమాలీలకే పని లేదు. అమెరికా నుంచి వచ్చిన జొన్నలతో చర్చివాళ్లు రోజూ మధ్యాహ్నం అంబలి కాచి పోస్తున్నారు. జనం దానికి అమెరికా అంబలి అని పేరు పెట్టేశారు.

మొదట్లో వచ్చిన జొన్నలు ఎర్రగా ఉండేవి, గొంతు దిగేవి కావు. పన్నెండు రోజులుగా తెల్ల జొన్నల అంబలి పోస్తున్నారు. తాగినవాళ్లంతా అమెరికాకు చేతులెత్తి దండం పెడుతున్నారు.

గంటె ప్రేమమ్మ చేతిలో ఉంది. మనిషికి రెండు గంటెలు. ఆమెకు జీతం లేదు, భత్యం లేదు. పొయ్యి దగ్గర నిలబడి కాళ్లు వాచినా ఒక్కరోజు మానలేదు. ఆ మాట పదిమందికి చెప్పుకోవడం కూడా మానలేదు.

వడ్డించేవాళ్లు మనవాళ్లయితే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆ మనిషికి అక్కడ తనవాళ్లెవరూ ఉన్నట్టు లేరు. గోదాము చూసుకునే సిలాసు కూడా కట్టెల కోసం కొల్హార్ పోయాడు.

"ఏ ఊరు నీది?" అంది ప్రేమమ్మ.

"చిట్గుప్ప దిక్కమ్మా."

"భూమున్నదా?"

"ఉన్నదమ్మా, ఆరెకరాలు."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రేమమ్మ గొంతు పెరిగింది.

"ఆరెకరాలున్నోనివి, వెండి కడియం పెట్టుకొని అంబలికొస్తవా? సిగ్గనిపిస్తలేదా?"

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాగి కడియాన్ని దాచుకున్నాడు.

"మొన్నటి సంది ఏం తినలేదు తల్లీ. ఒక్క గంటె పొయ్యి, చాలు."

"కూలోల్ల నోటికాడిది గుంజుకుంటవా? ఇగో, ఇవి చూడు." గోదాము గుమ్మంలో ఉన్న బస్తాలోంచి గుప్పెడు జొన్నలు తీసి ఆయన ముఖం ముందు పట్టింది. "ముత్యాల తీరుగున్నయి. ఎవలో పుణ్యాత్ములు పండించి పేదోల్లకు పంపిన్రు. నీ జిందగీల ఎప్పుడన్న ఇసుంటివి పండించినవా? పండించి ఒక్కనికన్న పెట్టినవా?"

ఆయన ఆ జొన్నల వైపు చాలాసేపు చూశాడు.

"మంచిగున్నయమ్మా" అన్నాడు చివరికి.

ఖాళీ గిన్నెను రుమాల్లో చుట్టుకొని వెళ్లిపోయాడు.

గుండిగ అడుగున ఇంకా నాలుగు గంటెల అంబలి మిగిలే ఉంది. అది చూసి ప్రేమమ్మకు మనసులో కలుక్కుమంది. పిలుద్దామా అనుకుంది. అందరి ముందు అన్న మాట వెనక్కి తీసుకుంటే తన మాటకు విలువేముంటుందని ఊరుకుంది. నిజానికి అప్పుడే ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు మీద కాస్త కోపం కప్పి ఇంటికి పోయింది.

మర్నాడు లారీ వచ్చింది. సిలాసు బస్తా కుట్టు విప్పాడు. లోపల ఎర్ర జొన్నలు.

"మల్ల ఇవేనా? మొన్నటి తెల్లయి పంపలేదా?" అంది ప్రేమమ్మ.

సిలాసు తల గోక్కున్నాడు.

"ఇగ దాస్తే ఏం లాభం అక్కా. పన్నెండు దినాల సంది అమెరికా జొన్నలే రాలే."

"మరి మనం కాచినయి?"

"అవి మన దిక్కుయే. జొన్నలు అయిపోయి మనం గేటు మూసిన దినం యాదికున్నదా? ఆ పొద్దు ఒక రైతు పాతర తీసి, పది బస్తాలు గంజ్‌ల అమ్ముదామని బండి కట్టుకొని పోతుండు. గిన్నెలు పట్టుకొని కూసున్నోల్లను చూసిండు. బండి ఇటు తిప్పిండు. విత్తనాలకు పెట్టుకున్నయి గూడ పోసిండు. వానొస్తే మల్ల పండుతయన్నడు."

"అంత పని చేస్తే నాకు చెప్పలేదేంది?"

"వద్దన్నడు. వరుసల ఆయన ఊరోల్లు ఉన్నరంట. అమెరికాదంటే ఎవలకూ నామోషీ లేదు, పక్కింటోనిదంటే గొంతు దిగదు, అమెరికా పేరే ఉండనియ్యి అన్నడు."

ప్రేమమ్మకు కళ్లు చెమర్చాయి. నిన్న తను అన్న మాటలు ఎందుకో గుర్తొచ్చాయి. ఆయన వేరు, ఈయన వేరులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

"ఒక్కపారి నాకు చూపెట్టు సిలాసూ. ఆయన చేతులు కండ్లకద్దుకుంట."

"నువ్వు చూసినవ్ గదక్కా! ఇంట్ల గింజ లేక పస్తున్నడని తెలిసి నిన్న కొల్హార్ పోయేటప్పుడు నేనే నీ తానికి తోలిన. సంగయ్య మామ. వెండి కడియం ఉంటది చూడు, ఆయన."

ప్రేమమ్మకు తల కొట్టేసినట్టయింది. సిలాసు ముఖంలోకి చూడలేకపోయింది.

"ఇప్పుడేడున్నడు?"

"పొద్దుగాలనే పెండ్లాంతోని హైదరాబాద్ బస్సెక్కిండు, కూలి పనికి. బస్టాండ్ల కలిస్తే అడిగిన, అంబలి తాగినవా మామా అని. 'తాగిన బిడ్డా, ఆ తల్లి కడుపునిండ పోసింది' అన్నడు."